మెత్తన్న బండి

ఇంజన్‌లో ఆయిల్ తగ్గడం నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లుగా పొలాల్లో పంపుసెట్లు బాగుచేస్తున్నవాణ్ణి. ఆయిల్ తాగే ఇంజన్లు, కారే ఇంజన్లు, తాగుతూ కారే ఇంజన్లు, అన్నీ నా చేతుల మీదుగా పోయాయి. ఆయిల్ పెరిగే ఇంజన్‌ని మాత్రం ఆ వేసవిలోనే చూశాను.

పొద్దున్నే అన్నయ్య కారు తుడుస్తుంటే, నేను బానెట్ ఎత్తి ఆయిల్ పుల్ల తీసి చూడడం మా ఇంట్లో పళ్లు తోముకోవడంలాంటిది. డీజిల్ కారు. కొని ఏడు నెలలైంది. ఆ రోజు పుల్ల మీద ఆయిల్ పై గీత దాటి వేలెడు పైకి ఉంది. తుడిచి మళ్లీ ముంచాను. అంతే ఉంది.

"ఆయిల్ పోశావా అన్నయ్యా?"

"నేనెందుకు పోస్తానురా. నువ్వే పోసి మర్చిపోయుంటావు."

"లేదు."

"అయితే మీ వదిన పోసుంటుంది."

వదిన గుమ్మంలోంచి, "నా మూకుడికే చాలక చస్తుంటే మీ బండికి కూడానా" అంది.

ముగ్గురం నవ్వాం. నేను ఆయిల్‌ని వేళ్ల మధ్య రుద్ది వాసన చూసి నవ్వడం ఆపాను. పలచగా ఉంది. డీజిల్ వాసన కొడుతోంది.

అన్నయ్య ఇరవై ఎనిమిదేళ్లు బస్సు నడిపి దిగినవాడు. ఒక్క గీత పడలేదు, ఒక్క కోడి చావలేదు. కారు కొన్నాక మా ఊరికీ టౌనుకీ మధ్య పద్నాలుగు కిలోమీటర్లూ రోజుకి నాలుగుసార్లు మనుషుల్ని దించి తెచ్చేవాడు. ఇంజన్‌ని అరవనిచ్చేవాడు కాదు. నలభై దాటకుండానే పై గేరులో వేసి, కాలు పెడల్ మీద ఆనీ ఆననట్టు ఉంచేవాడు. రోజూ టౌనుకెళ్లే కుట్టుపనావిడ వెనక సీట్లో కూచుని దారి పొడుగునా చొక్కాలకి గుండీలు కుట్టుకునేది. సూది ఒక్కసారి కూడా వేలికి గుచ్చుకోలేదని కనపడిన వాళ్లందరికీ చెప్పేది. ఊరందరికీ ఆయన మెత్తన్న. కారు మెత్తన్న బండి.

కాగితాల్లో మాత్రం నా పేరుంది. స్టీరింగు మీద వణకని చెయ్యి కాగితం మీద వణుకుతుంది అన్నయ్యకి. ఒక సంతకం ఇంకో సంతకంలా ఉండదు. షోరూములో, "నువ్వు పెట్టరా, నీదైతేనేం నాదైతేనేం" అన్నాడు. పెట్టాను.

గీత దాటిన ఆయిల్ ఏ ఇంజన్‌కీ మంచిది కాదు. పంపుసెట్టయితే కింద బిరడా వదులు చేసి ఎక్కువైంది తీసేస్తాం. కారుకీ అలాగే చేశాను. గ్లాసున్నర వచ్చింది. పారబోయలేదు. సీసాలో పోసి, మూత బిగించి, తేదీ రాసిన కాగితం ముక్క అంటించాను. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు సీసాలో పట్టుకెళ్తాం చూడండి, ఆ లెక్కన. చూపిస్తే జబ్బేమిటో వాళ్లకి తేలిగ్గా తెలుస్తుందనుకున్నాను.

నాలుగో రోజు వంతెన ఎక్కే ఎత్తులో, ఆరుగురు కూచుని ఉండగా, పసుపు దీపం వెలిగి బండి కుంటింది. అన్నయ్య ఎంత తొక్కినా ఇరవై దాటలేదు. వెనక లారీలు హారన్లు కొడుతుంటే పక్కకి తీసి, అందరికీ ఒకటే మాట చెప్పాడట, "బండికి దమ్ము చాలడం లేదు, ఏమనుకోకండి" అని. ఆరుగురూ దిగి వంతెన నడిచి దాటారు.

కంపెనీ సర్వీసు సెంటరు అంతా అద్దాలే. చెప్పులు బయట విప్పాలేమో అనిపించే నేల. టై కట్టుకున్న ఒకాయన కంప్యూటరు ముందు కూచుని కంప్లయింట్ రాసుకుంటున్నాడు.

"చెప్పండి సార్, ప్రాబ్లం ఏంటి?"

"దమ్ము వదిలేస్తోందండి," అన్నాడు అన్నయ్య. "ఎత్తు ఎక్కడం లేదు."

టై ఆయన ఏదో కొట్టాడు. నేను వంగి చూశాను. పికప్ తక్కువగా ఉందని కస్టమర్ అభిప్రాయం, అని ఉంది.

"అభిప్రాయం కాదండి," అన్నాను. "నిజంగానే ఎక్కడం లేదు."

"అది కంపెనీ భాష సార్. ఇంకేమైనా?"

సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను. ఆయిల్ పెరుగుతోందని, అందులో డీజిల్ కలుస్తోందని, ఇదిగో సాక్ష్యమని చెప్పాను. ఆయన సీసా ముట్టుకోలేదు. తేదీ కాగితం చదివి, తల పైకెత్తాడు.

"ఇది ఎవరు తీశారు?"

"నేనే."

"ఇంజన్‌లోంచి, ఇంటి దగ్గర?"

"అవునండి. ఎక్కువైంది కదా అని."

నేను చెప్పింది రెండు ముక్కలు. ఆయన చాలాసేపు రాశాడు. నాకు సంతోషమేసింది, మన మాట శ్రద్ధగా వింటున్నాడని.

పక్క బెంచీ మీద టౌను మందుల షాపాయన కూచుని ఉన్నాడు. ఆయనదీ అదే కారు, అదే జబ్బు. రావడం నాలుగోసారట. "పెళ్లైన కొత్తలో మా ఆవిడ పుట్టింటివాళ్లు కూడా నన్నిన్నిసార్లు తిప్పలేదు" అన్నాడు. నా సీసా వంక చూసి, గొంతు తగ్గించి, "ఆ సీసా చూపించి ఉండాల్సింది కాదు మాస్టారూ" అన్నాడు.

"ఉన్నదే కదా చూపించాను."

"అదే చెప్తున్నా."

రెండు రోజులుంచి కడిగి ఇచ్చారు. బిల్లు కాగితం మీద సమస్య ఏమీ కనుగొనబడలేదు అని ఉంది. పది రోజులకి మళ్లీ కుంటింది. మళ్లీ ఇచ్చాం. మళ్లీ ఏమీ కనుగొనబడలేదు. మూడోసారి కుంటలేదు. టౌను మొదట్లో, సంత దగ్గర, గొలుసు తెగినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. బానెట్ ఎత్తితే లోపలినుంచి వచ్చిన వాసన నాకు తెలుసు. ఇనుము ఇనుముని తిన్న వాసన.

బండిని లాక్కెళ్లి సర్వీసు సెంటర్లో పెట్టుకున్నారు. ఈసారి కంపెనీనుంచి ఉత్తరం వచ్చింది. అన్నయ్య అరుగు మీద కూచుని కళ్లజోడు పెట్టుకుని చదివాడు. రెండుసార్లు చదివి నాకిచ్చాడు.

"ఈ లైను నాకు అర్థం కాలేదురా. చెప్పు."

వాహనాన్ని అలవాటుగా తగినంత వేగంతో నడపకపోవుట, మరియు అనధికార వ్యక్తి ఇంజన్ ఆయిల్ తొలగించుట, ఈ నష్టానికి కారణములు, అని ఉంది.

"రెండోది నేను," అన్నాను.

"అది తెలిసింది. మొదటిది?"

"మెల్లగా నడిపావంటున్నారు."

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "మెల్లగా నడిపితే పాడైందంటనా?"

"అవును."

"గట్టిగా నడిపి పాడుచేసినవాళ్లని చూశాను" అన్నాడు.

అది ఎలాగో తెలుసుకుందామని నేనొక్కణ్ణే సర్వీసు సెంటరు వెనక గేటుకి వెళ్లాను. ఒక ముసలి మెకానిక్ గోడ నీడలో టీ తాగుతున్నాడు. నా గోళ్లలో గ్రీజు చూసి పక్కన చోటిచ్చాడు. పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుందట. అది నిండితే ఇంజన్ తనంతట తానే కాస్త ఎక్కువ డీజిల్ చిమ్మి, ఆ మసిని కాల్చేసుకోవాలట. ఈ మోడల్‌లో అది అదునూ పదునూ లేకుండా చిమ్ముతోంది. కాలని డీజిల్ కిందికి జారి ఆయిల్లో కలుస్తోంది. పలచబడ్డ ఆయిల్ ఇంజన్‌ని కాపాడలేదు.

"మరి గట్టిగా నడిపితే?"

"గట్టిగా నడిపినవాళ్లవీ వస్తున్నాయి. వాళ్లకి రఫ్‌గా నడిపారని రాస్తారు." గ్లాసు కడిగి బోర్లించాడు. "నేను చెప్పానని చెప్పకయ్యా. ఇంకో రెండేళ్ల సర్వీసుంది నాకు."

చెప్పలేదు. ఇప్పటికీ ఆయన ఎలా ఉంటాడో ఎవరికీ చెప్పలేదు.

కంపెనీ పెద్దాఫీసుకి అన్నయ్య చెప్పగా నేను మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ ఒకటే జవాబు, పైన నంబరు ఒక్కటే మారింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.

"ఎక్కడ కూచుని చింతిస్తున్నారో కనుక్కోరా," అన్నాడు అన్నయ్య మూడోది చదివి. "పాపం, ఓ పూట వెళ్లి ఓదార్చి వద్దాం."

జోకులేసినన్నాళ్లు నాకు భయం లేదు. స్టాండులో జీపు నడిపేవాడు మా మనుషుల్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. ఉత్తరం సంగతి ఎలా తెలిసిందో వాడికి తెలిసింది. ఒకరోజు అన్నయ్య టౌనుకెళ్లడానికి ఆ జీపు దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. నేనూ ఉన్నాను.

"రా మెత్తన్నా, ఎక్కు," అన్నాడు వాడు. "బండిని పడుకోబెట్టి జోకొట్టావంటగా. అది మరి లేవలేదంట."

లోపల కూచున్నవాళ్లు నవ్వారు. చెడ్డవాళ్లేం కాదు, అందరూ మా బండెక్కినవాళ్లే. అన్నయ్య కూడా నవ్వాడు. టౌను దాకా ఎవరైనా మాట్లాడిస్తే బదులిచ్చాడు. దిగాక, వచ్చిన పని చేసుకోకుండా, ఇంటిదాకా నడిచి వచ్చాడు. పద్నాలుగు కిలోమీటర్లు, మిట్టమధ్యాహ్నం. నేను పది అడుగుల వెనక నడిచాను.

ఆ తరవాత అరుగు దిగడం మానేశాడు. పొద్దున్నే లేచి గుడ్డ, బకెట్టూ తీసుకుని వాకిట్లోకి వచ్చేవాడు. కారు లేదని గుర్తొచ్చి బకెట్లో నీళ్లు మొక్కలకి పోసేవాడు. వదిన అది చూసి నా వంక చూసేది.

బండి ఆగిపోయిన నలభయ్యో రోజున టై ఆయన ఫోను చేశాడు. కంపెనీ దయతలిచిందట. సద్భావ సాయం అని దాని పేరు. తప్పు కంపెనీది కాకపోయినా, ఇంజన్ మార్చి ఇస్తారు, ఉచితంగా. ఒక కాగితం మీద ఓనరు సంతకం పెడితే చాలు. శుక్రవారంలోగా.

"కాగితంలో ఏముంది?" అన్నాడు అన్నయ్య.

చెప్పాను. ఉత్తరంలో ఉన్న లైనే ఉంది. దాన్ని మనం అంగీకరిస్తున్నాం అని కింద ఉంది.

"అయితే వద్దు."

"ఇంజన్ కొత్తది వస్తుంది అన్నయ్యా."

"ఇంజన్ కొత్తది వస్తుంది. నా చెయ్యి?" అని, చెయ్యి తిప్పి అరచేతిలోకి చూసుకున్నాడు. "ఇరవై ఎనిమిదేళ్లు ఒరే. వాళ్ల తప్పు తెచ్చి ఈ చేతికి పులుముకోమంటారు. నడపడం రాని డ్రైవర్నని నేనే ఒప్పుకోవాలి. వద్దు. తుక్కుకింద అమ్మెయ్."

గురువారం ఆయన కునుకు తీస్తున్నప్పుడు వదిన నా పనిపాకలోకి వచ్చింది. ఎప్పుడూ రాదు. పంపు విడిభాగాల మధ్య చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నిలబడింది.

"ఏమయ్యా, కాగితమ్మీద సంతకం నీదేగా కావాల్సింది?"

"నాదే."

"పెట్టేసిరా. ఆయనకి చెప్పకు. ఆ స్టీరింగు చేతికొస్తే మనిషి మళ్లీ మనిషవుతాడు. కాగితం ఎక్కడో బీరువాలో పడుంటుంది, ఎవడు చదువుతాడు?"

నేను ఆలోచించాను. ఆలోచించలేదని చెప్పుకోలేను. మొక్కలకి నీళ్లు పోసే ఆ చెయ్యి కళ్లముందు మెదిలింది. సీసా పట్టుకెళ్లింది నేను. నేను చేసిన తప్పు నేను సరిచేస్తున్నాననుకున్నాను.

శుక్రవారం పంపు పని ఉందని చెప్పి వెళ్లాను. టై ఆయన నాకు కుర్చీ వేయించాడు. "మామూలు ఫార్మాలిటీ సార్" అన్నాడు. కాగితం మొత్తం చదివాను. ఆ లైను దగ్గర ఆగి మళ్లీ చదివాను. పెన్ను బాగా రాసింది.

వారం తిరక్కుండా కారు వచ్చింది. వదినా నేనూ కూడబలుక్కుని అన్నయ్యకి చెప్పాం, వాళ్లే దిగొచ్చారని. ఆయన బానెట్ ఎత్తి కొత్త ఇంజన్‌ని చూశాడు. స్టార్ట్ చేసి, తల వంచి, చాలాసేపు విన్నాడు. "వాళ్లే దిగొచ్చారా" అన్నాడు. ముఖం విప్పారింది. ఊరి చుట్టూ ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. దారిలో కుట్టుపనావిడ కనబడితే ఆపి, రేపట్నుంచి గుండీలు తెచ్చుకోమన్నాడట. వదిన ఆ పూట పాట కూడా పాడింది, లోగొంతులో.

కిలోమీటర్లు రాసుకోవడం అన్నయ్య అలవాటు. కారాపి, డాష్‌బోర్డు అరలోంచి సర్వీసు పుస్తకం తీసి, ఆ రోజు అంకె వేస్తాడు. బస్సు రోజుల నుంచీ ఉన్న అలవాటు. నాకూ తెలుసు, వదినకీ తెలుసు. కాగితం నకలు ఒకటి మడిచి ఆ పుస్తకంలోనే పెడతారని మాకు తట్టలేదు.

నేను పాకలో ఉన్నాను. ఆయన వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు. కళ్లజోడు ఇంకా పెట్టుకునే ఉన్నాడు. తాళాలు చాచాడు.

"ఓనరుగారూ, మీ తాళాలు."

నేను నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు.

"అన్నయ్యా, అది..."

"మీ బండి. మీ సంతకం. మీ ఇష్టం." కోపంగా అనలేదు. బస్సులో తెలియనివాళ్లకి స్టాపు ఎక్కడో చెప్పినంత మర్యాదగా అన్నాడు. తాళాలు పానాల మధ్య పెట్టి వెళ్లిపోయాడు.

పుట్టి యాభై మూడేళ్లైంది నాకు. అప్పటిదాకా ఆయన నోటివెంట నాకు ఒరే తప్ప ఇంకో పిలుపు లేదు. ఆ రోజునుంచి మీరు. వదిన ఏడ్చింది, పోట్లాడింది, చెప్పింది నేనేనని తల కొట్టుకుంది. ఆవిణ్ణి ఆయన ఏమీ అనలేదు. ఒకటే కంచాల వరసలో కూచునేవాళ్లం. "కాస్త ఆ నీళ్లు ఇటివ్వండి" అనేవాడు నన్ను. పెద్దవాడు, ఆయన చేత మీరు అనిపించుకుంటూ ముద్ద మింగడం ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుస్తుంది.

మళ్లీ వారానికి కలప డిపోలో గేటు దగ్గర పనికి కుదిరాడు. లారీ వస్తే అడ్డుకర్ర ఎత్తాలి, పోయాక దించాలి. కారుని నేను నడిపాను. నాకు నడపడం వచ్చు, అంతవరకే. మూడో రోజు కుట్టుపనావిడ గుండీలు సంచిలో పెట్టేసుకుంది.

వానలు మొదలయ్యాక మందుల షాపాయన నన్ను రోడ్డు మీద ఆపాడు. చేతిలో కంపెనీ ఉత్తరం ఉంది. "గెలిచాం మాస్టారూ" అన్నాడు. ఆయన ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. తిట్టాడు, కోర్టుకెక్కుతానన్నాడు, అంతే. అక్కడే గొడుగు కింద చదివాను. ఆ ఏడాది చేసిన ఇంజన్లలో డీజిల్ చిమ్మే ఏర్పాటులో లోపం ఉన్నట్టు మా పరిశీలనలో తేలింది. వాహనాన్ని నడిపిన తీరుకు దీనితో సంబంధం లేదు. అందరికీ ఉచితంగా సరిచేస్తాం.

ఉత్తరం అరువడిగి తీసుకుని, అక్కణ్ణుంచే కంపెనీకి ఫోను చేశాను. ఒకమ్మాయి నంబరడిగింది. చెప్పాను.

"మీ బండి ఇందులో రాదండీ. మీది డ్రైవింగ్ లోపం కింద క్లోజ్ చేశాం."

"ఇంజన్ నాకు వద్దమ్మా. ఇప్పుడు మీరే లోపం మీదన్నారుగా. ఆ మాట మా బండికి కూడా రాసి ఇవ్వండి, చాలు."

"కుదరదండీ. క్లోజ్ అయిపోయింది. మీరు అంగీకరించినట్టు సంతకం ఉంది." కాస్త ఆగి, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ" అంది.

డిపో గేటు దగ్గర అన్నయ్య రేకు కింద స్టూలు మీద కూచుని ఉన్నాడు. కారు దూరంగా ఆపి నడిచి వెళ్లాను. "ఉత్తరం వచ్చింది, వింటావా" అన్నాను. వద్దనలేదు. చదివాను. నడిపిన తీరుకు సంబంధం లేదన్న లైను దగ్గర చెయ్యెత్తాడు.

"అది మళ్లీ చదవండి."

మళ్లీ చదివాను. రేకు మీద వాన చప్పుడుగా ఉంది, గట్టిగా చదివాను. ఆయన కళ్లజోడు తీశాడు. ముఖం తుడుచుకున్నాడు. నా వంక చూశాడు, ఎన్నాళ్లకో.

"మన బండి కూడా ఉందిట్రా అందులో?"

ట్రా అన్నాడు. మన అన్నాడు. ఉందని చెప్తే ఆయన నమ్ముతాడు. ఉత్తరం మీద మందుల షాపాయన పేరు నా బొటనవేలి కిందే ఉంది. ఇంకోసారి ఆయనకి అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు.

"లేదన్నయ్యా. సంతకం పెట్టినవాళ్లది లేదు."

ఆయన తల ఊపాడు. కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. మలుపులో లారీ హారన్ కొట్టింది. లేచి, అడ్డుకర్ర తాడు విప్పాడు.

"కొంచెం పక్కకి జరగండి," అన్నాడు. "బండి వస్తోంది."